ముళ్లు పడ్డాక మేళం

పాత క్యాసెట్లను డీవీడీలోకి మారిస్తే శబ్దం వెనకబడుతుంది, ఫైలు డిస్కులో పట్టదు. రెండింటికీ మూలం ఒకటే తొందర

పెళ్లి వీడియో మొదటి పావుగంట సవ్యంగానే నడుస్తుంది. గంట గడిచేసరికి డోలు మీద పుల్ల పడ్డాక గానీ చప్పుడు వినిపించదు. అప్పగింతల వేళకు తాతగారు నోరు మూశాక ఆయన మాట మొదలవుతుంది. ఆ తాతగారు ఇప్పుడు లేరు. ఆయన గొంతు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్లోనే. 1980, 90లలో పెళ్లి వీడియోలు తీసినవాళ్లు చాలాచోట్ల అసలు శబ్దం తీసేసి సినిమా పాటలు అతికించేవారు కాబట్టి ఈ లోపం వెంటనే బయటపడదు. మనుషులు మాట్లాడే చోటే, అంటే మనకు కావలసిన చోటే, పట్టుబడుతుంది.

పోనీ మళ్లీ ఎక్కించుకుందామంటే అదంత తేలిక కాదు. వీహెచ్ఎస్ వీసీఆర్‌లను చివరిదాకా తయారు చేసిన జపాన్ కంపెనీ ఫునై 2016 జులైలో ఉత్పత్తి ఆపేసింది. అప్పటినుంచి దొరికేవన్నీ వాడిన యంత్రాలే. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్లలో బీరువా అడుగున పడివున్న టేపుకు తెల్లటి బూజు పట్టే ప్రమాదం ఎక్కువ. దాన్ని శుభ్రం చేయకుండా నడిపితే బూజు వీసీఆర్ హెడ్‌కు, అక్కడినుంచి తర్వాతి క్యాసెట్‌కు పాకుతుంది. అందుకే మొదటిసారే సరిగా ఎక్కించాలి.

చాలామంది చేసేదేమిటంటే, వీసీఆర్‌ను కంప్యూటర్‌కు కలిపి, టేపు నడుస్తుండగానే నేరుగా డీవీడీకి పనికొచ్చే ఎంపెగ్-2గా కుదించేస్తారు. ఎక్కించడం, కుదించడం ఒకేసారి జరిగితే నెమ్మదైన కంప్యూటర్ ఆ భారం మోయలేక కొన్ని ఫ్రేమ్‌లు వదిలేస్తుంది. మన దేశపు పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేమ్‌లు. అంటే 25 ఫ్రేమ్‌లు జారిపోతే బొమ్మ ఒక సెకను ముందుకు పోతుంది, శబ్దం వెనక మిగులుతుంది. కెమెరా ఆపి మళ్లీ మొదలుపెట్టిన ప్రతి చోటా సంకేతం ఒక్క క్షణం చెదురుతుంది. ఇంట్లో తీసిన టేపుల్లో ఇలాంటి అతుకులు లెక్కలేనన్ని. టైమ్ బేస్ కరెక్టర్ ఉన్న వీసీఆర్ దొరికితే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.

రెండో కారణం గడియారాలు. బొమ్మను పట్టే కార్డుదొక గడియారం, సౌండ్‌కార్డుది మరొకటి. సెకనుకు 44,100 నమూనాలు తీయాల్సిన సౌండ్‌కార్డు 44,110 తీస్తే గంటకు 0.8 సెకను తేడా వస్తుంది. బొమ్మనూ శబ్దాన్నీ ఒకే పరికరం పట్టేలా చూసుకుంటే, శబ్దాన్ని మొదటినుంచీ డీవీడీ కోరే 48,000 నమూనాల దగ్గరే ఉంచితే సగం తలనొప్పి పోతుంది.

ఇప్పటికే ఎక్కించినదాన్ని బాగుచేయాలంటే ముందు రోగం తెలియాలి. మొదట్లో, నడుమ, చివర్లో ఒక్కో గుర్తు వెతకండి: డోలు దెబ్బ, కొబ్బరికాయ పగలడం, చప్పట్లు. మూడు చోట్లా తేడా ఒకటే అయితే శబ్దాన్ని అంతమేర జరిపితే చాలు. తేడా క్రమంగా పెరుగుతుంటే గడియారాలది తప్పు. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 3,600.8 సెకన్ల శబ్దాన్ని 3,600 సెకన్లకు కుదిస్తే గొంతు మారకుండానే సరిపోతుంది. తేడా ఒక్కసారిగా గెంతితే మాత్రం అక్కడ ఫ్రేమ్‌లు పోయినట్లు. మొత్తం సాగదీసి లాభం లేదు. గెంతిన ప్రతి చోటా ముక్క చేసి విడివిడిగా సరిచేయాలి. గెంతులు పదుల్లో ఉంటే ఓపిక ఉన్నవాళ్లు కూడా మళ్లీ ఎక్కించుకోవడమే మేలు.

ఇక సైజు. కుదించకుండా పట్టడమంటే హార్డ్‌డిస్క్ మీద దయలేనట్లే. డీవీ పద్ధతిలో గంటకు దాదాపు 13 జీబీ. డిస్కు ఫ్యాట్32గా ఫార్మాట్ అయివుంటే 4 జీబీ దాటిన ఫైలును అది రాయదు, రికార్డింగ్ 20 నిమిషాలకే ఆగుతుంది. కాబట్టి ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఉంచాలి. డీవీడీ మీద 4.7 జీబీ అని అచ్చేసినా కంప్యూటర్ లెక్కలో అది సుమారు 4.38 జీబీయే. 4.5 జీబీ అని చూపే ఫైలు అందుకే పట్టదు.

ఎంత కుదించాలో ఊహించనక్కర్లేదు, లెక్క ఉంది. రెండు గంటలకు సెకనుకు 5.2 మెగాబిట్లు వస్తాయి, బొమ్మకూ శబ్దానికీ కలిపి. శబ్దాన్ని కుదించని పీసీఎంగా ఉంచితే అదొక్కటే ఒకటిన్నర మింగుతుంది. 192 కిలోబిట్ల ఏసీ-3గా మారిస్తే బొమ్మకు 5 మిగులుతాయి, అది చాలు. మూడు గంటల క్యాసెట్‌ను ఒకే డిస్కులో ఇరికించే లోభానికి పోవద్దు. పాత టేపు మీది చుక్కలను కూడా ఎంపెగ్ కదలికగానే లెక్కగట్టి బిట్లు ఖర్చు చేస్తుంది, ముఖాలు గళ్లుగళ్లుగా విరుగుతాయి. రెండు డిస్కులు వాడండి. లేదా 720 బదులు 352 చుక్కల వెడల్పు ఎంచుకోండి. అసలు వీహెచ్ఎస్‌లో ఉన్న వివరమే తక్కువ కాబట్టి పోయేది స్వల్పం.

అమెరికా నుంచి వచ్చిన క్యాసెట్లకు మరో మెలిక ఉంది. అక్కడి ఎన్‌టీఎస్‌సీలో సెకనుకు 29.97 ఫ్రేమ్‌లు. దాన్ని 30గా లెక్కిస్తే గంటకు 3.6 సెకన్ల తేడా. ఉన్నది ఉన్నట్లు ఎన్‌టీఎస్‌సీగానే ఉంచండి, మన డీవీడీ ప్లేయర్లు చాలావరకు రెండూ ఆడిస్తాయి. అమెరికాలో అమ్మిన ప్లేయర్లు చాలావాటికి పాల్ తెలియదు. కనుక మనవైపు పెళ్లి అక్కడివాళ్లకు చూపాలంటే ఎంపీ4 ఫైలు పంపడమే సుఖం.

కొత్త ల్యాప్‌టాప్‌లలో డీవీడీ డ్రైవే కనిపించని ఈ రోజుల్లో డిస్కును చూసుకోవడానికే వాడాలి. దాచుకోవాల్సింది ఆ పెద్ద ఫైలును, రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో. క్యాసెట్ వీసీఆర్‌లో పెట్టేముందు దాని వీపున ఉన్న చిన్న ప్లాస్టిక్ నాలుకను విరిచేస్తే పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా టేపు చెరగదు. డిస్కు తయారయ్యాక మొదటి పది నిమిషాలు కాదు, చివరి పది నిమిషాలు చూడండి.