పంటకు ముందే ప్రణాళిక

ఒక సంస్థ రాబోవు కాలమును ముందుగా ఊహించి, తగిన మార్గమును నిర్ణయించి, ఫలితమును చూచి ఆ మార్గమును సవరించుకొను క్రమమునే వ్యూహనిర్వహణ యందురు. ఈ విద్యను నేర్వగోరువారికి, 1975 నాటి చట్టము ననుసరించి 1976 జనవరి 1న గుంటూరు కేంద్రముగా నెలకొన్న పొగాకు బోర్డు చక్కని నిదర్శనము.

దేశవిదేశముల గిరాకిని అంచనా వేసి, ఏటేట వర్జీనియా పొగాకు ఎంత పండింపవలయునో బోర్డు నిర్ణయించును. రైతులను, ఆకును వేడితో ఆరబెట్టు బ్యారన్లను నమోదు చేసి ఆ పరిమాణమును పంచును. ఆంధ్రదేశమున 1985 నుండి వేలముపాటల ద్వారా అమ్మకము జరిపించుచున్నది. ఒంగోలు, కందుకూరు వేలములలో పలికిన ధర మరుసటి యేటి నిర్ణయమునకు సాక్ష్యమగును. 2000-01లో పంటవిరామమును సైతము ప్రకటింపవలసివచ్చినది.

మిరపకును ప్రత్తికిని ఇట్టి ముందస్తు కొలత లేదు. ఒక యేటి మంచి ధరను చూచి అందరును అదే పంటకు దిగగా, మరుసటి యేట గుంటూరు మిర్చియార్డులో ధర కుంగును. అయినను హద్దు గీయుటతోనే వ్యూహము ముగియదు. రైతు అనుమతిని మించి నాటినప్పుడు, అందుకు కారణము అప్పో, కౌలో, కూలిఖర్చో విచారించి, ఆ మాటను నిర్ణయసభకు చేర్చు సంస్థయే నిజముగా నేర్చుకొనును. నిర్ణయించువారును నాటువారును ఒకే లెక్కను కలసి పరిశీలించినప్పుడే వ్యూహము పొలములో ఫలించును.