కొలువులో పాతబండి

దసరా కొలువు చూడవచ్చిన అమ్మలక్కలు అమ్మవారికి దండం పెడతారు, దశావతారాలు లెక్కపెడతారు, కింద ఆవాలు మొలిపించిన తోటను మెచ్చుకుంటారు. ఆ తోట పక్కనున్న కొండపల్లి ఎడ్లబండి మీద మాత్రం ఎవరి చూపూ నిలవదు. అది ఏనాడూ బాట తొక్కిన బండిలా ఉండదు మరి!

ఇందులో కొండపల్లి పనివారి లోపమేమీ లేదు. తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూసి, వారు రంగులు వేసేది పండుగ బొమ్మకు. మన చిత్తూరు సీమలో బెల్లం మోసిన బండి కావాలంటే మిగతా పని మనదే. మా ఇంట్లో అది నా వంతు.

ముందు కొలత చూడండి. అసలు బండి 12 అడుగులనుకుంటే, 6 అంగుళాల బొమ్మ అందులో 24వ వంతు. అసలు చక్రానికి అర అంగుళం మందాన పట్టిన బురద, బొమ్మమీద అంగుళంలో 48వ వంతే. ముద్దగా పూశారో, అది బండి కాదు, పుట్ట!

బండి అడుగున తడిగుడ్డ అద్ది చూడాలి. రంగు గుడ్డకు అంటితే నీళ్ల జోలికి పోవద్దు. పొడి రంగులే గతి. అంటకపోతే కావిరంగులో చిటికెడు నలుపు కలిపి, పలచటి తేటలా చేసి పూసి, వెంటనే తుడిచేయాలి. సందుల్లో మిగిలిందే పాతదనం. తరువాత బట్టలో జల్లించిన ఎర్రమట్టిని పలచటి బంకనీళ్లతో చక్రం అంచున అద్దాలి. నడిమి కుండవైపు పోనుపోను తగ్గిపోవాలి. ఇరుసు దగ్గర కందెన నలుపు ఒక్క చుక్క చాలు.

చాలామంది బండినంతా మురికిచేసి పాతబడిందనుకుంటారు. వాడకం మురికినే కాదు, మెరుపునూ ఇస్తుంది. ఇనుప పట్టా పక్కలు తుప్పుపడతాయి కాని, నేలనొరిసే ముఖం తళతళలాడుతుంది. అక్కడ పెన్సిల్ ముల్లు పొడి రుద్దితే సరి. చేయి పట్టే చోట నొగలు నునుపెక్కాలి. మా పిల్లలు ట్రాక్టరు తప్ప ఎరగరు. బండి ఎక్కడ అరుగుతుందో ఈ బొమ్మను చూసే వారు తెలుసుకోవాలి.

దేవుళ్లకు దుమ్ము పూయమని మాత్రం నేను చెప్పను! ఎర్రచందనపు దంపతుల బొమ్మల దగ్గరికి అసలు కుంచె పోనేకూడదు. మూడు తరాల పిల్లల చేతుల్లో ముక్కులు అరిగిన జత మా ఇంట్లో ఉంది. వార్నిషు వేయిస్తే కొత్తవాటిలా ఉంటాయని బంధువులావిడ ఒకరు సలహా ఇచ్చారు. మా ఆవిడ నవ్వి ఊరుకుంది. వాటికి పట్టుబట్ట చుట్టి, పైమెట్టున ఎప్పటిలాగే కూర్చోబెట్టింది.