మెతుకుసీమ నుంచి వెండితెరకు: బి. నరసింగరావు కళాకృషి

నాటకాల వాళ్లకు సినిమా అచ్చిరాదనీ, సినిమా తీసేవాళ్లకు సాహిత్యంతో పని లేదనీ మనలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. కాని కాలానికి నిలిచిన చిత్రాలు తీసిన వారిలో పెక్కుమంది ఆ మాటను అబద్ధం చేసినవారే. ఇంగ్లండులో మైక్ లీ అనే రచయిత, దర్శకుడు ఉన్నాడు. ఆయన 1977లో ‘అబిగెయిల్స్ పార్టీ’ అనే నాటకాన్ని రంగస్థలం మీద ప్రదర్శించి, ఆ ఏడే టెలివిజనుకు కూడా ఎక్కించాడు. 1996లో ‘సీక్రెట్స్ అండ్ లైస్’ చిత్రానికి కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి అందుకున్నాడు. సంభాషణలు ముందుగా రాసి చేతికివ్వడం ఆయన పద్ధతి కాదు. నటులతో వారాల తరబడి కూర్చుని, వారి నోటి నుంచే పాత్రకు తగిన పలుకు రాబడతాడు. అందుకే ఆ పాత్రలు పక్కింటి మనుషుల్లా మాట్లాడతాయి.

పక్కింటి మనిషి మాట తెర మీద వినడానికి మనం అంత దూరం పోనక్కరలేదు. మన పాత మెదకు జిల్లాలో, గజ్వేలు పక్కన ప్రజ్ఞాపూర్ అనే ఊరు ఉంది. 2016లో జిల్లాలను విభజించినప్పుడు అది సిద్దిపేట జిల్లాలో కలిసింది. 1946లో ఆ ఊళ్లో పుట్టిన బి. నరసింగరావు చిత్రకారుడు, కవి, నటుడు, రచయిత, నిర్మాత, దర్శకుడు. ఇన్ని విద్యలు ఒక్కరికి అబ్బడం విశేషమే. అంతకన్న విశేషం, ఆ విద్యలన్నింటినీ ఆయన తాను పుట్టిన నేల గురించి చెప్పడానికే వినియోగించడం.

వీధిలో మొదలైన కళ

ఆయన కళాజీవితం స్టూడియోలో మొదలు కాలేదు. 1970 ప్రాంతాల హైదరాబాదులో ‘ఆర్ట్ లవర్స్’ అనే సంస్థ పెట్టి, పాటలు, బుర్రకథలు, వీధి ప్రదర్శనలతో బస్తీలకూ పల్లెలకూ తిరిగాడు. తూప్రానులో పుట్టిన గుమ్మడి విఠల్ అనే యువకుడు ఆ బృందంలో చేరాడు. ఆ యువకుడే తరువాత గద్దరుగా లోకానికి తెలిశాడు. ఆ బృందమే క్రమంగా జననాట్యమండలిగా రూపుకట్టింది.

వీధి నాటకానికి తెర లేదు, రంగులు లేవు, మైకు లేదు. మాట సూటిగా లేకపోతే జనం లేచిపోతారు. అక్కడ నేర్చుకున్న పొదుపు నరసింగరావు చిత్రాలలో కడదాకా కనిపిస్తుంది.

మా భూమి

1979లో తయారై, 1980 మార్చి 23న విడుదలైన ‘మా భూమి’కి ఆయన జి. రవీంద్రనాథ్‌తో కలిసి నిర్మాత. చిత్రానువాదంలోనూ ఆయన చేయి ఉంది. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీవాడు. ఆయనకు ఇది మొదటి కథాచిత్రం.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి చెప్పాలి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మా భూమి’ నాటకాన్ని 1940లలో ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా. పేరు, పోరాటం ఒకటే అయినా సినిమా కథ వేరు. దానికి మూలం కిషన్ చందర్ ఉర్దూలో రాసిన ‘జబ్ ఖేత్ జాగే’ నవల. తెలంగాణ రైతు కథ ఒక ఉర్దూ రచయిత కలం నుంచి, ఒక బెంగాలీ దర్శకుని చేతి మీదుగా మళ్లీ తెలంగాణకే చేరిందన్నమాట.

ఆ చిత్రీకరణకు ఎన్నుకున్న పల్లె మన జిల్లాలోని మంగళపర్తి. కథానాయకుడు రామయ్యగా నటించిన సాయిచంద్, ‘అసమర్థుని జీవయాత్ర’ రాసిన త్రిపురనేని గోపీచంద్ కుమారుడు. రామయ్య దొర దౌర్జన్యానికి మనసు విరిగి ఊరు విడుస్తాడు. హైదరాబాదులో రిక్షా తొక్కి, కార్మికుల మధ్య చదువూ లోకమూ నేర్చి, తిరిగి వచ్చి పోరాటంలో కలుస్తాడు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత సైన్యం వెంట దొరలు కూడా ఊళ్లోకి తిరిగి రావడం ఈ చిత్రం దాచలేదు. యాదగిరి కట్టిన పాటను కంబళి కప్పుకుని గద్దరు పాడిన ఘట్టం, 2023లో ఆయన కన్నుమూసిన నాడు మళ్లీ ఎందరికో గుర్తుకు వచ్చింది.

కలం, కెమెరా తన చేతికే వచ్చాక

1983లో ‘రంగుల కల’తో ఆయన స్వయంగా దర్శకుడయ్యాడు. బొమ్మలు కొనే సంపన్నులకూ, బొమ్మల్లో కనిపించే బీదలకూ మధ్య నలిగే చిత్రకారుని కథ అది. ఆ చిత్రకారుడుగా తానే నటించాడు. ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి దానికే దక్కింది.

అయితే ఆయన కృషికి శిఖరం 1988 నాటి ‘దాసి’ అని నా నమ్మకం. కాలం 1920ల నాటిది. స్థలం ఒక దొర గడీ. కమలాక్షి అనే పిల్ల దొరసాని వెంట అరణంగా గడీకి వస్తుంది. పగలు చాకిరీ, రాత్రి దొరకు, వచ్చిన అతిథులకు పడక. గర్భం ధరిస్తే దాన్ని ఉంచుకునే హక్కు కూడా ఆమెకు లేదు. ఇంత ఘోరం చెప్పే చిత్రంలో కేకలు లేవు, శాపనార్థాలు లేవు, మాటలే బహు తక్కువ. గడీలో మాట్లాడే హక్కు దాసికి లేదు గదా! ఆ మౌనాన్నే దర్శకుడు భాషగా చేసుకున్నాడు.

ఈ చిత్రానికి అయిదు జాతీయ బహుమతులు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం కాక, నటనకు అర్చన, ఛాయాగ్రహణానికి ఎ. కె. బీర్, కళకు తోట వైకుంఠం, దుస్తులకు సుదర్శన్ బహుమతులు పొందారు. వైకుంఠం మన తెలంగాణ చిత్రకారుడే కావడం వల్ల, గడీ గోడ మీది రంగు నుంచి దాసి చీర కట్టు వరకు ఏదీ అరువు తెచ్చినట్టు ఉండదు. 1990లో వచ్చిన ‘మట్టి మనుషులు’ పల్లె విడిచి పట్నంలో మేడలు కట్టే కూలీల కథ. మెదకు బస్టాండులో మూటలతో నిలబడ్డ కుటుంబాలను చూసినవారికి ఆ కథ కొత్త కాదు.

మాటకు దక్కిన మర్యాద

తెలుగు బోధించేవాణ్ణి గనుక నన్ను ఎక్కువగా కదిలించేది భాష. చిరకాలం మన సినిమాలలో తెలంగాణ పలుకు విదూషకునికో, దుండగునికో దక్కేది. దాని ఫలితం తరగతిలో నాకు కనిపిస్తూనే ఉంటుంది. నడవలో స్నేహితులతో గలగల మాట్లాడే పిల్లలు, నేను ప్రశ్న అడగగానే నోటికి తాళం వేసుకుంటారు. తెలియక కాదు. తమ మాట పుస్తకం మాట కాదన్న బెరుకు.

ఒకసారి కళాశాలలో ‘మా భూమి’ చూపించాను. బొమ్మ అయిపోయాక ఒక విద్యార్థి నా దగ్గరికి వచ్చి, “సార్, గిది మా తాత మాట్లాడినట్టే ఉన్నది. గిట్ల గూడ సినిమా తీస్తరా సార్?” అని అడిగాడు. ఆ ఏడు వార్షికోత్సవ నాటకంలో అతను రైతు వేషం వేస్తున్నాడు. మరునాడు తన సంభాషణలన్నీ కొట్టివేసి, ఇంట్లో మాట్లాడే భాషలో తిరగరాసుకొచ్చాడు. వ్యాకరణం దిద్దబోయి ఆగిపోయాను. దిద్దవలసినది ఏమీ లేదు. అంతకు ముందు చిలక పలుకుల్లా వినిపించిన ఆ రైతు, అప్పుడు నిజంగా అప్పులో ఉన్న మనిషిలా వినిపించాడు.

నరసింగరావు చిత్రాలు నిదానంగా నడుస్తాయనీ, వినోదం తక్కువనీ అనేవారు ఉన్నారు. ఆ మాట నిజమే. ఎద్దుబండి కూడా నిదానంగానే నడుస్తుంది, దారి పక్క చేలన్నీ చూపిస్తూ. బహుమతుల పట్టికలో పేరు చదివి ఊరుకుంటే ఆయనకు మనం చేసిన గౌరవం ఏమీ లేదు. మన కళాశాలలు, గ్రంథాలయాలు ఏడాదికి ఒక్క రోజైనా ఈ చిత్రాలను పిల్లలకు చూపించాలి. తాత మాట తెర మీద విన్న పిల్లవాడు, ఆ మాటతోనే రేపు కథో నాటకమో రాయడానికి వెనుదీయడు.