చరిత్ర ఖాళీ వదిలిన చోట రిచర్డ్ షార్ప్

1799 మే 4న శ్రీరంగపట్నం కోట కూలింది. ఆ సాయంత్రం కోటలో శవాల గుట్ట మధ్య టిప్పు సుల్తాన్ దేహం దొరికింది. ఒంటిమీది నగలు చాలావరకు మాయమయ్యాయి. ఆయన్ని చంపిందెవరో ఇప్పటికీ తెలియదు. నోరు విప్పితే నగలు కక్కాల్సి వస్తుందని ఆ చంపినవాడు భయపడి ఉంటాడు.

బ్రిటిష్ నవలాకారుడు బెర్నార్డ్ కార్న్‌వెల్ తన కథానాయకుణ్ణి సరిగ్గా అక్కడ నిలబెట్టాడు. 1997లో వచ్చిన 'షార్ప్స్ టైగర్' నవలలో టిప్పును చంపి, నగలు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా ఉండిపోయినవాడు రిచర్డ్ షార్ప్ అనే మామూలు బ్రిటిష్ సైనికుడు.

నెపోలియన్ యుద్ధాల మీద ఇంగ్లీషులో సాహస నవలలకు పెద్ద వంశమే ఉంది. సముద్రం మీది కథలకు సి.ఎస్. ఫారెస్టర్ సృష్టించిన హార్న్‌బ్లోయర్, పాట్రిక్ ఓబ్రియన్ సృష్టించిన జాక్ ఆబ్రీ పేరుమోశారు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కోనన్ డాయిల్ ఫ్రెంచి పక్షాన నిలబడి బ్రిగేడియర్ జెరార్డ్ కథలు రాశాడు. నేల మీది యుద్ధానికి వస్తే నా ఓటు షార్ప్‌కే. ఆ కథలు కట్టిన తీరు చూస్తే ఈ రకం నవల ఎలా నడుస్తుందో బాగా తెలుస్తుంది.

పెద్ద సంఘటనలను రచయిత మార్చడు. యుద్ధం ఎక్కడ, ఎప్పుడు జరిగింది, ఎవరు గెలిచారు అన్నవి చరిత్రలో ఉన్నట్టే ఉంటాయి. చరిత్ర ఎవరి పేరూ రాయని చోట తన మనిషిని పెడతాడు. 1803 సెప్టెంబరు 23న, నేటి మహారాష్ట్రలోని అస్సాయే దగ్గర మరాఠాలతో జరిగిన యుద్ధమే చూడండి. బ్రిటిష్ సేనాని ఆర్థర్ వెల్లెస్లీ పక్కనున్న ఆర్డర్లీ ఏరు దాటుతుండగా ఫిరంగి గుండు తగిలి చనిపోయాడు. వెల్లెస్లీ ఎక్కిన గుర్రాలు కూడా దెబ్బతిన్నాయి. ఇదంతా నిజం. 'షార్ప్స్ ట్రయంఫ్'లో ఆ ఆర్డర్లీ స్థానంలోకి షార్ప్ వస్తాడు. గుర్రం మీంచి పడిపోయిన వెల్లెస్లీని ఒంటరిగా కాపాడి, అందుకు బహుమానంగా ఆఫీసరవుతాడు.

అది ఎంత పెద్ద గెంతో ఆనాటి లెక్క వేస్తే తెలుస్తుంది. అప్పట్లో బ్రిటిష్ సైన్యంలో ఆఫీసరు పదవులను డబ్బు పెట్టి కొనేవారు. పదాతి దళంలో అన్నిటికన్నా చిన్నదైన ఎన్సైన్ పదవి ధర 400 పౌన్లు. మామూలు సైనికుడి జీతం రోజుకు ఒక షిల్లింగు, పౌనుకు 20 షిల్లింగులు. తిండికీ బట్టకూ కోతలేమీ లేకుండా ప్రతి షిల్లింగూ దాచినా 8,000 రోజులు, అంటే దాదాపు 22 ఏళ్లు పడుతుంది. యుద్ధంలో ఆఫీసరు చనిపోతే మాత్రం ఆ ఖాళీ డబ్బు లేకుండానే మరొకరికి దక్కేది. డబ్బు పెట్టకుండా ఆఫీసరైనవాడు కాబట్టి షార్ప్‌కు ఎదుట ఫ్రెంచివాళ్లు, వెనక తనను చిన్నచూపు చూసే సొంత ఆఫీసర్లు. ఈ రెండో పోరే నవలలకు అసలు ప్రాణమని నా అభిప్రాయం.

ఉత్కంఠ పుట్టేది ఆయుధం దగ్గర. మస్కెట్ తుపాకీ పేల్చాలంటే కాగితపు తూటాను పళ్లతో కొరకాలి, కాస్త మందు గిన్నెలో పోయాలి, మిగతా మందూ గుండూ గొట్టంలో వేయాలి, ఇనుప కడ్డీతో కూరాలి, గురిపెట్టాలి. మందులోని సురేకారానికి నోరు పిడచకట్టుకుపోతుంది. చేయి తిరిగినవాడు నిమిషానికి మూడుసార్లు పేల్చగలడు. గుంపుగా దూసుకొచ్చే ఫ్రెంచి దళంలో ముందు వరుసలవాళ్లూ అంచుల్లో ఉన్నవాళ్లూ మాత్రమే కాల్చగలరు. ఎదురుగా రెండే వరుసల్లో పరుచుకున్న బ్రిటిష్ వాళ్లలో ప్రతి తుపాకీ పేలుతుంది. ఇది ఒకసారి అర్థమైతే, ఆ మూడో గుండు కూరేలోపు శత్రువు ఎంత దగ్గరికొచ్చాడో పాఠకుడే లెక్కపెట్టుకుంటాడు.

ఒక్కోసారి కార్న్‌వెల్ చరిత్రను వంచుతాడు కూడా. 1981లో వచ్చిన మొదటి నవల 'షార్ప్స్ ఈగల్'లో, 1809 నాటి తలవేరా యుద్ధంలో, నెపోలియన్ తన రెజిమెంట్లకిచ్చిన గరుడ ధ్వజాన్ని షార్ప్ చేజిక్కించుకుంటాడు. నిజానికి బ్రిటిష్ వాళ్లు యుద్ధరంగంలో అలాంటి ధ్వజాన్ని మొదట పట్టుకున్నది 1811లో, స్పెయిన్‌లోని బరోసా దగ్గర. పట్టుకున్నవాడు సార్జెంట్ పాట్రిక్ మాస్టర్సన్. కార్న్‌వెల్ తన నవలల చివర చారిత్రక వివరణ జోడించి, ఏది కల్పనో చెబుతాడు. ఆ నిజాయితీ వల్లే ఆయన కల్పనను హాయిగా నమ్మగలుగుతాం.

మనవాళ్ల విషయంలో మాత్రం నాకు తీరని లోటొకటి ఉంది. శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన హైదరాబాద్ నిజాం సైన్యంతో కలిసి నడిచింది వెల్లెస్లీ 33వ రెజిమెంటే, అంటే షార్ప్ రెజిమెంటే. అస్సాయేలో వెల్లెస్లీ పదాతి దళంలో తెల్లవాళ్ల పటాలాలు రెండు, మద్రాసు సిపాయిల పటాలాలు ఐదు. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు చాలామంది ఉండేవారు. నవలల చూపు మాత్రం ఎక్కువగా తెల్ల సైనికుల మీదే నిలుస్తుంది. షార్ప్ ఒక్క తెగువతో ఆఫీసరయ్యాడు. అప్పట్లో సిపాయి ఎంత తెగువ చూపినా సుబేదారు దాటి పైకి పోలేకపోయేవాడు, ఆ సుబేదారు కూడా నిన్నగాక మొన్న చేరిన తెల్ల ఎన్సైన్ కంటే కిందివాడే. షార్ప్ కథకు బలమిచ్చిన అన్యాయం కంటే ఇది పెద్దది. సర్కారు జిల్లాల నుంచి పటాలంలో చేరి అస్సాయే దాకా నడిచిన ఒక సిపాయిని కథానాయకుణ్ణి చేసి, ఇంతే శ్రద్ధతో ఎవరైనా తెలుగులో నవల రాస్తే చదవాలని ఉంది.