నవ్వుకు జోకు అక్కర్లేదు, జోడు కావాలి

పిల్లలు రోజుకు 300 నుంచి 400 సార్లు నవ్వుతారట, పెద్దవాళ్ళు 15 సార్లేనట. ఈ వాట్సాప్ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. పెద్దల లెక్క మరీ తప్పేం కాదు. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్తలు రాడ్ మార్టిన్, నికొలాస్ కైపర్ 80 మంది చేత 3 రోజుల పాటు ప్రతి నవ్వూ రాయించారు. 1999లో వాళ్ళు ప్రకటించిన సగటు రోజుకు 17.6. పిల్లల 400కు మాత్రం ఇలాంటి పునాది లేదు. చేతులు మారుతూ వచ్చిన అంకె అది. దాన్ని తలుచుకుని బెంగపడే బదులు ఇంకో అంకెను పట్టించుకోవడం మేలు. అది 30.

అమెరికాలో మేరీలాండ్‌కు చెందిన పరిశోధకుడు రాబర్ట్ ప్రొవైన్ తన విద్యార్థుల చేత నవ్వుల డైరీలు రాయించాడు. టీవీ, పుస్తకం లాంటివేవీ లేకుండా ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడని 1989లో తేలింది. తర్వాత ఆయన బృందం షాపింగ్ మాల్స్‌లో, కాలేజీ ఆవరణల్లో జనం నవ్విన 1,200 సందర్భాలను చాటుగా రాసుకుంది. నవ్వుకు ముందు వచ్చిన మాటల్లో ఏ కాస్తో హాస్యం అనదగ్గవి 10 నుంచి 20 శాతమే. మిగతావన్నీ 'సరే, వస్తా', 'ఎక్కడికి పోయినావు?' లాంటి చప్పిడి మాటలు.

పాకాల జంక్షన్లో పొద్దున తిరుపతి బండి కోసం నిలబడ్డవాళ్ళ మాటలు కాసేపు వింటే ఈ అంకెలకు ప్రాణం వస్తుంది.

"ఏం బావా, ఈ పొద్దు బండి కంటే ముందే వచ్చినావే!"

"మీ అక్క తరిమిందిరా అబ్బోడా."

కాగితం మీద పెడితే ఇందులో నవ్వడానికేముంది? అక్కడ మాత్రం బెంచీ మొత్తం గొల్లుమంటుంది. అన్నవాడే ముందు నవ్వుతాడు. దానికీ లెక్కుంది: వినేవాళ్ళ కంటే మాట్లాడేవాళ్ళు 46 శాతం ఎక్కువగా నవ్వుతారని ప్రొవైన్ గమనించాడు.

బండెక్కి ఆరుగురు ఎదురెదురుగా కూర్చుంటారు. చంద్రగిరి వచ్చేదాకా అందరూ ఒకే ముచ్చటలో ఉండరు, ముందే రెండు జట్లుగా చీలిపోతారు. బ్రిటన్ మానవ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ బృందాలు ఇదీ కొలిచాయి. ఒక సంభాషణ పట్టేది నలుగురినే. ఒకేసారి కలిసి నవ్వే గుంపు ఇంకా చిన్నది, సుమారు ముగ్గురు. పెళ్ళికి వెయ్యి మందిని పిలిచినా అసలు నవ్వులు పందిట్లో ఏ మూలనో ముగ్గురు నలుగురి మధ్యే పుట్టేది ఇందుకే.

కలిసి నవ్వితే ఒంట్లో ఏం జరుగుతుంది? డన్‌బార్ బృందం మనుషులకు హాస్యం వీడియోలు చూపించి, ముందూ తర్వాతా నొప్పి ఎంతసేపు ఓర్చుకుంటారో చూసింది. సీసాలు చల్లబరిచే తొడుగును ఫ్రీజర్లో గడ్డకట్టించి చేతికి తొడగడం వాళ్ళు వాడిన పద్ధతుల్లో ఒకటి. బాగా నవ్వినవాళ్ళు ఎక్కువసేపు ఓర్చుకున్నారు. 2017లో ఫిన్లాండ్‌లోని తుర్కు పరిశోధకులు మెదడునే స్కాన్ చేశారు. స్నేహితులతో కలిసి అరగంట నవ్వాక నొప్పిని అణిచే ఎండార్ఫిన్లు విడుదలైన జాడ కనిపించింది. కాకపోతే ఆ ప్రయోగంలో ఉన్నది 12 మందే, అందరూ మగవాళ్ళే. అంత చిన్న లెక్కతో నవ్వును మందుల షాపులో పెట్టేయలేం.

కేలరీల కథ ఇంకా పలచన. 10-15 నిమిషాలు నవ్వితే కరిగేది 10 నుంచి 40 కేలరీలు. ఒక ఇడ్లీకి చాలితే గొప్ప.

నాకు బాగా నచ్చిన లెక్క 2016లో వచ్చింది. పరిశోధకుడు గ్రెగ్ బ్రయంట్ బృందం ఇద్దరిద్దరు కలిసి నవ్విన 48 శబ్దాలను, ఒక్కోటి సెకను పాటిదే, 24 సమాజాల్లో 966 మందికి వినిపించింది. 'వీళ్ళు స్నేహితులా, అప్పుడే కలిసినవాళ్ళా?' అన్నదే ప్రశ్న. 61 శాతం జవాబులు సరిపోయాయి. ఊరికే ఊహిస్తే వచ్చేది 50 శాతం. మాటలు లేవు, మొహాలు లేవు. ఆడ స్నేహితుల నవ్వులనైతే ఇంకా తేలిగ్గా పోల్చుకున్నారు.

అంటే ఎవరితో నవ్వుతున్నామన్నది నవ్వులోనే వినిపిస్తుంది. మన వాళ్ళకు ఇది ప్రయోగాల కంటే ముందే తెలుసు. బావను, వదినను ఆటపట్టించే హక్కు పుట్టుకతోనే ఇచ్చేశారు. పెదనాన్నను అదే మాట అంటే వీపు చిట్లుతుంది. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఈ హక్కు వారం రోజులు ఊరందరిదీ అవుతుంది. బైరాగి వేషం, బండ వేషం కట్టినవాళ్ళు ఎదురుపడ్డవాళ్ళను బూతులు తిట్టడం ఆనవాయితీ. తిట్టించుకున్నవాడు నవ్వాలే తప్ప కోపగించుకోకూడదు. మిగతా రోజుల్లో అదే తిట్టు పోలీస్ స్టేషన్ దాకా పోతుంది.

ప్రేమ జంటల సంగతీ చూశారు. 2015లో అమెరికాలో 71 జంటలను తమ తొలి పరిచయం గురించి చెప్పమన్నారు. ఇద్దరూ ఒకేసారి నవ్విన సమయం ఎక్కువున్న జంటలు తాము దగ్గరగా ఉన్నామని చెప్పాయి. దగ్గరితనం వల్ల నవ్వారా, నవ్వు వల్ల దగ్గరయ్యారా అన్నది ఈ లెక్క తేల్చదు. రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయనే నా అనుమానం.

జోకు కంటే జోడే ముఖ్యమని ఒక క్లబ్బుకూ తెలిసొచ్చింది. 1995 మార్చి 13న ముంబయి పార్కులో డాక్టర్ మదన్ కటారియా ఐదుగురితో నవ్వుల క్లబ్బు మొదలుపెట్టాడు. ఒకరి తర్వాత ఒకరు జోకులు చెప్పేవారు. సుమారు రెండు వారాలకే జోకులు అయిపోయాయి, మోటు జోకుల మీద కొందరు అలిగారు కూడా. క్లబ్బు మూతపడుతుందనుకున్న దశలో ఆయన జోకులు మానేద్దామన్నాడు, మనుషులను మాత్రం రమ్మన్నాడు. ఆ పద్ధతే తర్వాత దేశాలు దాటింది.