స్టూడ్‌బేకరు సోదరులు

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఇండియానా రాష్ట్రమున సౌత్ బెండ్ అను పట్టణము కలదు. 1852వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో అచ్చట హెన్రీ, క్లెమెంట్ అను అన్నదమ్ములిద్దరు ఒక కమ్మరి దుకాణమును తెఱచిరి. వారి యింటిపేరు స్టూడ్‌బేకరు. వారికున్న మూలధనము 68 డాలర్లు, కొలుములు రెండు. గుఱ్ఱములకు లాడములు కొట్టుచు, అడిగినవారికి బండ్లు చేసి యిచ్చుచు వారు జీవించుచుండిరి.

ఆ దినములలో కాలిఫోర్నియాలో బంగారము దొరకుచున్నదని జనులు తండోపతండములుగా పోవుచుండిరి. 1853లో వారి తమ్ముడు జాను కూడ ఆ దారి పట్టెను. కాని ప్లాసర్‌విల్ చేరిన పిదప అతడు గునపము పట్టలేదు. మన్ను మోయుటకు గనులవారికి ఒంటిచక్రపు తోపుడుబండ్లు కావలసియుండెను. జాను వానిని చేసి అమ్మెను. బంగారమునకై పోయినవారిలో పలువురు వట్టిచేతులతో మరలిరి. జాను మాత్రము 1858లో 8,000 డాలర్లతో ఇల్లు చేరెను. 'తోపుడుబండి జానీ' యను పేరు కూడ అతనికి దక్కినది!

ఆ సొమ్ముతో అతడు హెన్రీ వాటాను కొనెను. అంతర్యుద్ధమున ఉత్తర సైన్యమునకు బండ్లు సరఫరా చేయుటతో వ్యాపారము విస్తరించెను. 1874లో కర్మాగారమున చాల భాగము అగ్నికి ఆహుతియైనను, సోదరులు దానిని మరల నిలిపిరి.

ఇంతలో మోటారుకారు వచ్చెను. గుఱ్ఱపుబండ్ల సంస్థలు పెక్కు దానికి తాళలేక అంతరించినవి. స్టూడ్‌బేకరు వారు 1902లో విద్యుత్తుతో నడచు కార్లను, 1904లో పెట్రోలు కార్లను అమ్మసాగిరి. బండి కట్టుట వారికి తెలిసిన విద్య, ఇంజను కొత్తది. అందుచే తొలుత యంత్రభాగములను ఒహైయోలోని గార్‌ఫర్డ్ సంస్థ వలన తెప్పించుకొని, పై భాగమును తాము అమర్చిరి.

1933లో సంస్థ దివాలా స్థితికి వచ్చియు కోలుకొనెను. రెండవ ప్రపంచయుద్ధమున అది చేసిన లారీలు అధికభాగము సోవియట్ దేశమునకు చేరెను. 1947 నాటి కారు ముందువెనుకలు ఒకే తీరున నుండుటచే, అది వచ్చుచున్నదో పోవుచున్నదో తెలియదని జనులు పరిహసించిరి. ఆ పరిహాసములోనే కొంత మెప్పు కూడ కలదు.

కాని ఫోర్డు, జనరల్ మోటార్స్ వంటి మహాసంస్థలు ధరలు తగ్గించినప్పుడు చిన్న సంస్థ నిలువజాలలేదు. 1954లో పాకార్డ్ సంస్థతో కలిసినను ఫలము లేకపోయెను. 1963 డిసెంబరులో సౌత్ బెండ్ కర్మాగారము కార్లను చేయుట మానెను. 1966 మార్చిలో కెనడాలోని హామిల్టన్ నగరమున కడపటి కారు తయారయ్యెను.

అసలు దెబ్బ తగిలినది కార్మికులకు. 1950లో కార్మిక సంఘముతో కుదిరిన ఒడంబడిక ననుసరించి, పాత సేవను కూడ లెక్కించి పింఛను ఇచ్చుటకు సంస్థ సమ్మతించెను. అందుకు వలయు సొమ్మును ఒక్కమారుగాక, 30 ఏండ్లలో నిధికి చేర్చవలెనని ఏర్పాటు. 13 ఏండ్లకే కర్మాగారము మూతపడుటతో నిధి చాలలేదు. 60 ఏండ్లు నిండి అర్హత గలవారికి పింఛను పూర్తిగా ముట్టినది. 40 మొదలు 59 ఏండ్ల వయస్సులోనున్న సుమారు 4,000 మందికి రావలసిన దానిలో నూటికి 15 వంతులే దక్కెను. అంతకు చిన్నవారికి ఏమియు దక్కలేదు.

ఈ ఉదంతము ఏండ్ల తరబడి చర్చకు వచ్చెను. 1974లో అమెరికా శాసనసభ పింఛనులకు రక్షణగా ఒక చట్టమును చేసి, సంస్థలు మూతపడినను పింఛనుకు పూచీ వహించు సంస్థను నెలకొల్పెను. సౌత్ బెండ్ కార్మికులకు మాత్రము అది వర్తింపలేదు.