అక్షరాలకు రంగు ఎలా వస్తుంది?
భిలాయి సెక్టర్ 6లో ఉండే మీకు, కాలిన ఇనుము రంగే దాని వేడిని తెలుపుతుందని తెలిసే ఉంటుంది. కంప్యూటర్ టెర్మినల్‌పై కనిపించే అక్షరానికి అలా సొంత రంగు ఉండదు. రంగు వేయమని ఆజ్ఞ పంపాలి.

కొలిమి వేడి హద్దు దాటితే 'ప్రమాదం' అని చూపే ప్రోగ్రామును మీరు రూబీ భాషలో రాశారనుకోండి. 'కలరైజ్' అనే లైబ్రరీతో ఆ మాటను ఎరుపు చేయమంటే, అది మాటకు ముందు తెరపై కనబడని ఒక సంకేతాన్ని చేరుస్తుంది. అందులో 31 ఉంటే ఎరుపు, 32 అయితే ఆకుపచ్చ, 33 అయితే పసుపు. మాట చివర 0 ఉన్న సంకేతం వస్తుంది.

గమనించండి: ఈ 0 లేకపోతే తరువాతి వరుసలు కూడా ఎర్రగానే వస్తాయి. అప్పుడు అసలు హెచ్చరిక ఏదో ఎలా తెలుస్తుంది? ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని చూపు గలవారూ ఉంటారు. కనుక రంగు వేశాం కదా అని 'ప్రమాదం' అనే మాటను తీసివేయకండి.